అప్పాసామి కారు ఆగిన విధం

కోవిల్‌పట్టిలో ఆసుపత్రి ఎదురుగా పాప్పా టీ కొట్టు ఉంది. ఆ పొద్దున ఎనిమిదిన్నరకే అప్పాసామి తన పాత తెల్ల కారు తెచ్చి కొట్టు పక్కన గోడవారగా ఆపాడు. దిగి, ముందు చక్రం కింద ఒక ఇటుక, వెనక చక్రం కింద ఇంకొక ఇటుక పెట్టాడు. ఎవరూ చూడలేదు గదా అని అటూ ఇటూ చూసి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

పాప్పా చూసింది. "ఇటుకలేంటికన్నా?" అని అడిగింది.

"ఈ బండికి ఉరుకులాట జాస్తి," అన్నాడు అప్పాసామి. "కట్టి పెట్టకుంటే తనంతట తానే బాడుగ పట్టుకొని పోతుంది."

నిజం వేరు. నిన్న విరుదునగరంలో ఉన్నప్పుడు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని తన చేతులతో తానే కొత్తవి మార్చాడు. ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు ప్యాడ్ల కోసం ఇంకొకడి దగ్గరికి పోవడమేమిటని అతని పట్టుదల. మార్చాక పెడలు గట్టిగానే ఉంది. కారు మాత్రం ఆగడం మరిచిపోయినట్టు జారుకుంటూ పోతోంది. కొత్తవి గదా, కొంత దూరం పోతే సర్దుకుంటాయిలే అనుకున్నాడు. ఊరికి చేరేదాకా సర్దుకోలేదు. ఈ పొద్దున ఇంటినుంచి వస్తుంటే రైల్వే గేటు పడింది. ముందు బడిపిల్లల వ్యాను ఉంది. తొక్కాడు, ఆగలేదు. రెండు కాళ్లూ పెట్టి తొక్కాడు. చివరికి చేతి బ్రేకు గుంజితే వ్యానుకు జానెడు వెనకగా ఆగింది. వ్యాను వెనక అద్దంలోంచి ఒక చిన్నపిల్ల అతన్ని చూసి నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

పది గంటలకు పాండిసెల్విని, ఆమె ఎనిమిది దినాల బిడ్డను ఆసుపత్రి నుంచి కళుగుమలై పక్కన వాళ్ల ఊరికి చేర్చాలి. వారం ముందే ఒప్పుకున్న బాడుగ. ఇప్పుడు రానంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పితే రేపటినుంచి ఆ కారు ఎవరు ఎక్కుతారు?

భయం వేస్తే కొందరికి మాట పడిపోతుంది. అప్పాసామికి మాట పుంజుకుంటుంది.

బల్లకు అటువైపు బాలసుబ్రమణియన్ కూర్చొని ఉన్నాడు. బస్టాండులో టైంకీపరుగా చేసి రిటైరైనవాడు. ఏ ఊరికి ఎంత దూరమో, ఏ బండికి ఎంత సేపో నోటికి వచ్చు. ఇంకొంచెం ఎడంగా పాండిసెల్వి చెల్లెలు నిరోషా, అక్కకు పాలు పట్టుకుపోవడానికి ఫ్లాస్కుతో వచ్చి, పాలు కాగేదాకా నిలబడింది. ఆ పిల్ల విరుదునగరంలో ఏదో కంపెనీలో ఉద్యోగమని అప్పాసామి విన్నాడు. కంప్యూటరు ముందు కూర్చునే పని అయి ఉంటుందని అతని ఊహ.

"బండి ఎట్ల ఉంది, అప్పాసామీ?" బాలసుబ్రమణియన్ ఊరికే అడిగాడు.

అంతే చాలు.

"నిన్న ప్యాడ్లు మార్చితిని, అణ్ణాచ్చి. విరుదునగరంలో నూనె గోదాముల వీధిలో. షెడ్డువాడైతే సగం దినం తింటాడు. నేను జాకీ ఎత్తితిని, చక్రం ఊడదీస్తిని, పాతవి తీస్తిని, కొత్తవి పెడితిని, చక్రం బిగిస్తిని. ఆ పక్క కొట్లో టీ చెప్పి పోయి ఉంటిని. తిరిగి వచ్చి చూస్తే టీలో ఇంకా పొగ వస్తా ఉంది."

"మా కొట్లో అయితే తెచ్చేటప్పుడే పొగ ఉండదు," అంది పాప్పా. "సరి, చెప్పన్నా."

"బయలుదేరితిని. మెయిన్ రోడ్డు ఎక్కితిని. ముందర ఒక లారీ పోతా ఉంది. బ్రేకు తొక్కితే పెడలు రాయిలాగ ఉంది, బండి మాత్రం నా మాట వినలే. ఇంకొకడైతే ఏం చేస్తాడు? అరుస్తాడు, కళ్లు మూసుకుంటాడు. నేను గేరు తగ్గిస్తిని, లారీకి పక్కగా ఇట్ల జరిగితిని, ఆ లారీ డ్రైవరు నా ముకం చూసి దండం పెట్టె."

"ఇది జరిగే పనే," అన్నాడు బాలసుబ్రమణియన్. మంచిమాటే అన్నాడు, కాని అప్పాసామికి అది నచ్చలేదు. జరిగే పని చెప్పడానికి అతనేల?

"ఆ పిమ్మట ఏమాయెనో తెలుసునా? సాత్తూరు ముందర టోలుగేటు వచ్చె. అందరూ నిలబడతా ఉంటారు గదా. నేను నిలబడలేను. లైటు వేస్తిని, హారను కొడితిని, చెయ్యి బయటపెట్టి రెండు వేళ్లు చూపిస్తిని. గేటువాడు నన్ను చూసి, ఇది ఎవరో పెద్ద అదికారి అనుకొని కట్టె ఎత్తిపట్టి సలాం కొట్టె. ఒక్కడు కాదు, ఆరు వరసల వాళ్లూ కొట్టిరి."

"రెండు వేళ్లు ఏంటికి చూపిస్తివి?"

"బ్రేకు రెండు చక్రాలకూ లేదని."

పాప్పా నవ్వింది. నిరోషా నవ్వలేదు. ఆమె గోడవారగా ఉన్న కారును చూస్తోంది, ముఖ్యంగా దాని ముందు చక్రాన్ని. అప్పాసామి అది గమనించి గొంతు పెంచాడు.

"సాత్తూరు వంతెన మీద దోసకాయలమ్మే ముసలామె గంప పెట్టుకొని కూర్చొని ఉంది. నాకు ఆకలి. బండి ఎనబైలో పోతా ఉంది. కిటికీలోంచి చెయ్యి చాపితిని, నాలుగు దోసకాయలు తీస్తిని. ఆ ఎనబైలోనే ఆమె ఏమనిందంటే, 'ఉప్పూ కారం వద్దా నాయనా?' అనె. వద్దంటే మరియాద కాదు గదా, వేయించుకుంటిని."

"అంత వేగంలో కారం కళ్లలో పడలేదా?" అంది పాప్పా.

"పడె. అందుకే పిమ్మట కొంత దూరం కళ్లు మూసుకొని తోలితిని. కళ్లు తెరిస్తే ముందర మేకలు. మున్నూరు మేకలు, రోడ్డు కనపడలే. కాసేవాడు చెట్టు కింద పండుకొని ఉన్నాడు. నేను తలకాయ బయటపెట్టి మేకల బాసలో అరిస్తిని."

"ఏమని?"

"అది మనుషులకు చెప్పకూడదు. అవి విని, అన్నీ ఒక్కసారిగా తిరిగి, నా బంపరుకు కొమ్ములు ఆనించి ఎదురు తోసె. మున్నూరు మేకలు, పన్నెండు నూర్ల కాళ్లు, లెక్కేసుకో అణ్ణాచ్చి. బండి ఎనబై నుంచి డెబ్బైకి దిగె. పాపం, అంతకన్నా వాటికి బలం చాలలే."

కొట్టు మెట్ల మీద ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు. జనం చేరితే అప్పాసామికి గాలి కొట్టిన టైరులా ఉంటుంది. రైల్వే గేటు కొంచెం వెనకబడినట్టనిపించింది. ఇంకా వేగంగా పోనిచ్చాడు.

"మేకలు జరిగినాక ముందర ఇంకొక లారీ. తాయిల్‌పట్టి నుంచి వస్తా ఉంది. దాంట్లో టపాసుల పెట్టెలు. నా బండి పోయి దాని వెనక తాకె, తాకితే ఒక పెట్టె..."

పాప్పా చేతిలో పాల గిన్నె ఆగిపోయింది. "అది వద్దన్నా," అంది మెల్లగా.

అప్పాసామికి అప్పుడు గుర్తుకొచ్చింది. పాప్పా పుట్టిల్లు తాయిల్‌పట్టి. ఆమె అక్క టపాసుల పనిలో ఉండేది. ఒక ఏడు ఆమె ఉన్న గది మందు పేలి ఎగిరిపోయింది. అతను నాలుక కరుచుకున్నాడు. ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

"లేదులేమ్మా," అన్నాడు గొంతు దించి. "దాంట్లో టపాసులు లేవు. కడలై మిఠాయి, అదే వేరుశనగ పట్టీల పెట్టెలు ఉండె. నేను దాన్ని తాకనే లేదు, పక్కనించి వచ్చేస్తిని."

పాప్పా గిన్నె మళ్లీ ఒంచింది. "సరి. చెప్పు," అంది. అతని మీద కోపం లేదని చెప్పడానికే ఆ మాట అంది.

ఆ పట్టున ఆపేసి ఉంటే బాగుండేది. కాని ఆగితే మౌనం వస్తుంది, మౌనంలో గడియారం వినపడుతుంది. తొమ్మిది దాటింది.

"కోవిల్‌పట్టి వచ్చె," అన్నాడు. "పోయె."

"పోయిందా?" అన్నాడు బాలసుబ్రమణియన్.

"ఆపేదానికి లేదే. ఊరు ఇట్ల వచ్చి అట్ల పోయె. పాప్పా కొట్టు ముందరనించే పోతిని, చెయ్యి ఊపితిని. నువ్వు చూడలేదామ్మా?"

"నేను వడలు తిప్పతా ఉంటిని."

"అదీ సంగతి. నేను ఆలోచన చేస్తిని. గట్టినేల మీద ఈ బండి ఆగదు. తూత్తుకుడికి పోతే ఉప్పళాలు ఉన్నాయి, ఉప్పు కుప్పల్లో పెడితే ఆగుతుంది. ఎడమకు తిప్పితిని, ఎట్టయాపురం రోడ్డు పడితిని."

"నిన్న సాయంత్రం ఆరుకు నువ్వు ఈడే కూర్చొని వడ తింటా ఉంటివి," అన్నాడు బాలసుబ్రమణియన్. "తూత్తుకుడి పోయి రావాలంటే నూట ఇరవై కిలోమీటర్లు."

"అదే నేనూ చెప్పతా ఉండేది. ఎంత వేగమో ఇప్పుడైనా తెలిసిందా?"

వింటున్నవాళ్లు నవ్వారు. బాలసుబ్రమణియన్ కూడా నవ్వి, ఇంకొక టీ చెప్పాడు.

"ఉప్పళం వచ్చె. మొదటి కుప్పలోకి పోనిస్తిని, అవతల తేలితిని. రెండోది, మూడోది. నలబై కుప్పలు చీల్చుకొని పోతిని. పనివాళ్లు పారలు కింద పడేసి చూస్తా ఉన్నారు. ఈ బండి ముందు ఏ రంగు?"

"తెలుపు," అంది పాప్పా.

"నీలం. మీరు మరిచిపోతిరి. ఆ ఉప్పులో ఇట్ల తెల్లగా అయిపోయె. నాకి చూస్తే ఈ పొద్దుకూ ఉప్పగానే ఉంటుంది. నలబై కుప్పలు అయినాక ఏముంది? సముద్రం. దిగితిని. మునిగిపోవాలంటే బండి ఒక చోట నిలబడాల గదా. నాది నిలబడనే నిలబడదు, ఇంక ఎట్ల మునుగుతుంది? నీళ్ల మీద తారురోడ్డు మాదిరి పోతా ఉంది. పెద్ద ఓడ ఒకటి వచ్చె, అది నాకు దారి ఇచ్చె. ఇంక రెండు నిమిషాలు పోతే సింహళం. నా దగ్గర ఆ ఊరికి పర్మిట్టు లేదు."

"మంచిదాయె," అన్నాడు బాలసుబ్రమణియన్.

"చేపలు పట్టే పరవర్ల పడవలు పదకొండు ఉండె ఆడ. 'అన్నా, వల వేయండి' అని అరిస్తిని. పదకొండు పడవల వలలూ కట్టగట్టి వేసిరి. బండి పోయి వలలో పడె. వల సాగె, సాగె, రబ్బరు మాదిరి సాగె. సాగి, తెగుతుందేమో అనుకునేలోపల, ఉండేలు వదిలినట్టు నన్ను వెనక్కు విసిరె. ఆ పిమ్మట ఏమాయెనో తెలుసునా? కింద చూస్తే ఎట్టయాపురం. కింద చూస్తే కోవిల్‌పట్టి. నేనూ బండీ పైన పోతా ఉన్నాం, మూడు కొంగలు పక్కన వస్తా ఉన్నాయి. పోయి పోయి కళుగుమలై కొండకు ఆనితిని. కొండ ఇట్ల," అని అరచేతిని వెనక్కి వంచి చూపించాడు, "ఒక్క అడుగు జరిగి, నన్ను పట్టుకొని నిలిపె. దిగి చూస్తే బండికి ఒక గీత లేదు. సీటు కింద మాత్రం వంజరం చేపలు రెండు. ఇంటికి పోయి పులుసు చేయించి, వడ తినేదానికి ఈడికి వస్తిని."

చేతులు దులుపుకొని టీ అందుకున్నాడు. టీ చల్లారిపోయింది. జనం నవ్వుతున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

నిరోషా ఫ్లాస్కు మూత బిగించి, బల్ల మీద పెట్టింది.

"మామా," అంది. "మేకలు తోసె. ఉప్పు అడ్డం వచ్చె. వల విసిరె, కొండ ఆపె. ఇంత కతలో బ్రేకు ఒక్కసారి కూడా ఆపలేదే."

అప్పాసామి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"తాళంచెవి ఇయ్యి మామా."

"నీకెందుకమ్మా? విరుదునగరంలో నీది కంప్యూటరు పని గదా."

"కార్ల షెడ్డులో పని. బ్రేకులు చూస్తాను."

ఈసారి జనం నవ్విన నవ్వు వేరుగా ఉంది. అప్పాసామికి చెవులు వేడెక్కాయి. లేచి పోదామా అనుకున్నాడు, కాని పోవాలన్నా ఆ కారులోనే పోవాలి. జేబులోంచి తాళంచెవి తీసి, ఆ పిల్ల ముఖం చూడకుండా ఇచ్చాడు.

నిరోషా పరుగున పోయి అక్కకు పాలు ఇచ్చి వచ్చి, ముందు బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు డబ్బా చూసింది. నిండుగా ఉంది. కూర్చొని పెడలు తొక్కింది. "గట్టిగానే ఉంది. పైపుల్లో గాలి లేదు," అంది. ఇటుకలు తీయించి, గోడ వెంట మెల్లగా పది అడుగులు నడిపి తొక్కింది. కారు ఇంకా నాలుగు అడుగులు జారిపోయి, చేతి బ్రేకు గుంజాక ఆగింది.

దిగి అప్పాసామిని చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే అతనికి కష్టంగా ఉంది.

జాకీ ఎత్తింది. చక్రం ఊడదీసింది. డిస్కు అద్దంలా నిగనిగలాడుతోంది. వేలితో రాసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకొని, ఏమీ అర్థం కానట్టు నిలబడింది. పాప్పా గరిటెతోనే వచ్చి ఆ వేలు వాసన చూసింది.

"నువ్వుల నూనె," అంది పాప్పా. "మంచిది. గానుగ నూనె."

అందరూ అప్పాసామి వైపు తిరిగారు.

"కొత్త ప్యాడ్లు కీచుమనె," అన్నాడు అతను నేల చూస్తూ. "కీచుమనేదానికి నూనె పెట్టాల గదా. తలుపుకు పెట్టమా?"

"ఎంత పెడితివి మామా?"

"రెండు పక్కలా... కొంచెం. చేతికి వచ్చినంత."

బాలసుబ్రమణియన్ బల్ల పట్టుకొని నవ్వాడు, టీ ఒలికింది. నిరోషా మాత్రం అతని పక్కకు వచ్చి, జనానికి వినపడకుండా అడిగింది. "పొద్దున ఇంటినించి ఎట్ల వస్తివి?"

అప్పాసామి చెప్పాడు. రైల్వే గేటు, పిల్లల వ్యాను, చేతి బ్రేకు, జానెడు దూరం. కొంగలు లేవు, మేకలు లేవు. రెండు మూడు మాటల్లో అయిపోయింది.

"ఇది మాకు ముందరే చెప్పాల్సింది గదా మామా."

"చెప్పితే ఎవరమ్మా ఎక్కుతారు?"

ఆమె ఆసుపత్రి వైపు చూసింది. "చెప్పకుంటే మా అక్క ఎక్కి ఉంటుంది," అంది.

ఆ మాట అతనికి ఎక్కడో లోపల తగిలింది. పోయి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి వచ్చి, "ఏం చేయాల చెప్పు," అన్నాడు.

నూనె తాగిన ప్యాడ్లు తుడిస్తే పనికిరావు, మళ్లీ కొత్తవే కావాలి. బాలసుబ్రమణియన్ తన మోపెడ్డు వేసుకొని స్పేరు పార్టుల కొట్టుకు పోయి ప్యాడ్లు, డిస్కు కడిగే స్ప్రే తెచ్చాడు. ఎంత సేపట్లో వచ్చాడో తానే గడియారం చూసి ప్రకటించాడు. నిరోషా చెబుతుంటే అప్పాసామి డిస్కులు కడిగాడు, ఒకసారి చాలన్నా మూడుసార్లు కడిగాడు. ప్యాడ్లు బిగించాక, కారు కదిలించకముందే పెడలు పైకి గట్టిగా వచ్చేదాకా నిదానంగా తొక్కించింది. తర్వాత ఖాళీగా ఉన్న రోడ్డు మీదికి తీసుకుపోయి, నలభైలో పోనిచ్చి మెత్తగా తొక్కడం, మళ్లీ పోనివ్వడం, మళ్లీ తొక్కడం, ఇరవైసార్లు చేయించింది. "కొత్త ప్యాడు డిస్కుతో పొందిక కావాల మామా. ఊరికే తగిలిస్తే కాదు."

మొదటిసారి కొంచెం కీచుమంది. అప్పాసామి ఆమె వైపు చూశాడు.

"ఉండనీ," అంది నిరోషా.

పదోసారికి పట్టు తెలిసింది. పదిహేనోసారికి కారు అనుకున్న చోట ఆగింది. అతను ఆ చోటనే ఒక నిమిషం ఊరికే కూర్చున్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకొని.

ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. పాండిసెల్వి బిడ్డను పాత చీరలో చుట్టుకొని మెట్ల మీద కాచుకొని ఉంది. ఇంత సేపు ఎందుకైందో ఆమెకు తెలియదు. టీ కొట్టు దగ్గర జనం ఇంకా పోలేదు, ఈ కథ ఎట్లా ముగుస్తుందో చూడాలని. వెనక తలుపు తీసి పట్టుకున్న అప్పాసామిని పాండిసెల్వి ఎక్కబోతూ అడిగింది. "మామా, పసిబిడ్డ ఉంది. బ్రేకులు అవీ సరిగా ఉండాయి గదా?"

బాలసుబ్రమణియన్ గ్లాసు దించాడు. పాప్పా పొయ్యి తగ్గించింది. ఇక్కడినుంచి కన్యాకుమారి దాకా అటువంటి బ్రేకులు ఇంకొక కారుకు లేవని అతను ఎత్తుకుంటాడని అందరికీ తెలుసు. అతనికీ ఆ మాట నాలుక చివరికి వచ్చింది. బిడ్డ చీర మడతలోంచి ఒక చెయ్యి బయటపెట్టి, వేళ్లు తెరిచి, మళ్లీ మూసింది.

"పొద్దున లేదమ్మా," అన్నాడు అప్పాసామి. "ఇప్పుడు ఉంది."

తలుపు వేసి, పోయి తన సీట్లో కూర్చొని, కారు మెల్లగా కదిలించాడు. వేగం తగ్గించే గట్టు దగ్గర తొక్కాడు. ఆగింది, దాటింది, మలుపు తిరిగింది.

"అయిపోయిందా?" అన్నాడు కొట్టు మెట్ల మీద నిలబడినవాళ్లలో ఒకాయన, ఇంకేమైనా ఉందేమోనని.

"అయిపోయింది," అంది పాప్పా. "ఇంత చిన్న కత ఆ నోట్లోంచి వచ్చేది ఈ పొద్దే వింటిని."